టేప్ లైబ్రరీలో రోబో చేతిని కమాండ్లతో నడపడం ఎలా

బ్యాకప్ టేపుల్ని అరల్లో ఉంచుకుని, రోబో చేతితో డ్రైవ్‌లోకి ఎక్కించి దించే యంత్రమే టేప్ లైబ్రరీ. అది బయటికి ఒకే పెట్టెలా కనిపిస్తుంది. సర్వర్ వైపు నుంచి చూస్తే మాత్రం అందులో రెండు వేర్వేరు పరికరాలున్నాయి. రోబోకి చేతులున్నాయి, బార్‌కోడ్ చూసే కన్నుంది, కానీ టేపులో ఏముందో చదవడం రాదు. డ్రైవ్‌కి చదవడం, రాయడం వచ్చు, కానీ చేతుల్లేవు. రెండింటికీ డివైస్ ఫైళ్లు వేరు, కమాండ్లు వేరు. ఇద్దరి మధ్యా మాట మోయాల్సింది మీరు, లేదా మీరు రాసే స్క్రిప్టు. లైబ్రరీలతో నేను పడ్డ తిప్పల్లో ఎక్కువ భాగం యంత్రం చెడిపోయి వచ్చినవి కావు, ఈ మాట మోయడంలో జరిగిన తేడాల వల్ల వచ్చినవే.

ఈ పని లినక్స్‌లో ఎంటీఎక్స్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఎలా చేయాలో చెబుతాను. డ్రైవ్ కోసం ఎంటీ అనే ఇంకో ప్రోగ్రామ్ కావాలి. రెండూ దాదాపు అన్ని లినక్స్ పంపిణీల్లో ప్యాకేజీలుగా దొరుకుతాయి. కమాండ్లను పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. ఫోన్‌లో ఒకరు చెబుతుంటే ఇంకొకరు కొట్టినట్టు, మీరు కీబోర్డు మీద ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టుకోండి.

చేతిలో లైబ్రరీ లేకపోయినా, ఉన్నది ముట్టుకోవడానికి భయంగా ఉన్నా, ఎంహెచ్‌వీటీఎల్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ పెట్టుకోండి. అది మీ డిస్కు మీదే ఒక ఉత్తుత్తి టేప్ లైబ్రరీని సృష్టిస్తుంది. రోబో, డ్రైవ్‌లు, అరలు, బార్‌కోడ్‌లు అన్నీ ఉంటాయి. కింద చెప్పే మామూలు కమాండ్లన్నీ దాని మీద వేసి చూడొచ్చు. లక్షల విలువ చేసే పెట్టె మీద మొదటి పాఠాలు నేర్చుకోవాలని పట్టుబట్టకండి.

ముందు రోబోని కనుక్కోండి

రూట్ యూజర్‌గా ఈ కమాండ్ ఇవ్వండి. ఎల్ఎస్ తర్వాత స్కజీ అనే నాలుగక్షరాలు ఖాళీ లేకుండా కలిపి కొట్టాలి:

ఎల్ఎస్-స్కజీ -జీ

వచ్చే జాబితాలో మామూలు డిస్కుల పక్కన డిస్క్ అని, డ్రైవ్‌ల పక్కన టేప్ అని, రోబో పక్కన మీడియమ్ఎక్స్ అని ఉంటుంది. స్కజీ అంటే సర్వరూ, ఇలాంటి పరికరాలూ మాట్లాడుకునే భాష. అందులో మీడియా ఛేంజర్, అంటే రోబో, పరికరం రకం సంఖ్య 8, టేప్ డ్రైవ్‌ది 1. మీడియమ్ఎక్స్ వరుస చివర /డెవ్/ఎస్‌జీ3 లాంటి పేరొకటి కనిపిస్తుంది. ఎంటీఎక్స్‌కి ఇవ్వాల్సింది అదే. పక్కనే /డెవ్/ఎస్‌సీహెచ్0 అని ఇంకో పేరు కనిపిస్తే, అది కెర్నెల్‌లోని ఛేంజర్ డ్రైవర్‌ది. మనకు దానితో పని లేదు.

డ్రైవ్ కనిపించి రోబో కనిపించకపోతే కంగారు పడకండి. చాలా లైబ్రరీల్లో రోబోకి సొంత కేబుల్ ఉండదు. ఒక డ్రైవ్ అడ్రస్ మీదే లన్ 1గా, అంటే అదే అడ్రస్‌లో రెండో ఉప నంబర్‌గా కూర్చుంటుంది. సర్వర్‌లోని కార్డు లన్ 0 ఒక్కటే చూసి ఊరుకుంటే రోబో లేనట్టే. రెయిడ్ కార్డుకి (పలు డిస్కుల్ని కలిపి నడిపే కార్డు) టేపు తగిలించిన చోట ఈ సమస్య తరచుగా చూశాను. పరికరాల్ని నేరుగా సర్వర్‌కి కలిపే మామూలు హెచ్‌బీఏ కార్డుకి మార్చడమే దానికి మందు. రెండో సంగతి, రోబోని మోసే ఆ డ్రైవ్‌ని కంట్రోల్ పాత్ అంటారు. ఆ డ్రైవ్ ఆగిపోయినా, రిపేరుకి బయటికి తీసినా రోబో కూడా మాయమవుతుంది. మూడోది ఆటోలోడర్లు అనే చిన్న లైబ్రరీల్లో కనిపిస్తుంది. ముందు ప్యానెల్‌లో సీక్వెన్షియల్ అనే మోడ్ ఉంటే టేపులు వరుసగా వాటంతటవే మారుతుంటాయి, మన మాట వినవు. దాన్ని ర్యాండమ్‌కి మార్చాలి.

ఎస్‌జీ3 అనే పేరుని స్క్రిప్టులో రాసి మర్చిపోకండి. ఒక డిస్కు కొత్తగా తగిలించి రీబూట్ చేస్తే అదే రోబో ఎస్‌జీ5 కావచ్చు. /డెవ్/టేప్/బై-ఐడీ అనే ఫోల్డర్‌లో సీరియల్ నంబర్‌తో ఉండే పేర్లు వాడండి, అవి మారవు. ప్రతిసారీ అంత పొడుగు పేరు కొట్టలేమనుకుంటే ఛేంజర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని పెద్దక్షరాల్లో పెట్టి ఆ పేరు అందులో ఉంచండి. అప్పుడు -ఎఫ్ ఇవ్వక్కర్లేదు.

స్టేటస్ చదవడం వస్తే సగం పని అయినట్టే

ఎంటీఎక్స్ -ఎఫ్ /డెవ్/ఎస్‌జీ3 స్టేటస్

మొదటి వరుసలో ఎన్ని డ్రైవ్‌లు, ఎన్ని అరలు, వాటిలో ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్ అరలు ఎన్ని అని ఉంటుంది. తర్వాత ఒక్కో చోటుకీ ఒక్కో వరుస. దాదాపు ఇలా కనిపిస్తుంది:

డేటా ట్రాన్స్‌ఫర్ ఎలిమెంట్ 0: ఫుల్ (స్టోరేజ్ ఎలిమెంట్ 5 లోడెడ్): వాల్యూమ్‌ట్యాగ్ = బీకే0005ఎల్8
డేటా ట్రాన్స్‌ఫర్ ఎలిమెంట్ 1: ఎంప్టీ
స్టోరేజ్ ఎలిమెంట్ 1: ఫుల్: వాల్యూమ్‌ట్యాగ్ = బీకే0001ఎల్8
స్టోరేజ్ ఎలిమెంట్ 5: ఎంప్టీ

స్కజీ లెక్కలో లైబ్రరీ అంటే నాలుగు రకాల ఎలిమెంట్లు, అంటే టేపు ఉండగలిగే నాలుగు రకాల చోట్లు. ట్రాన్స్‌పోర్ట్ ఎలిమెంట్ అంటే రోబో చెయ్యి. స్టోరేజ్ ఎలిమెంట్ అంటే అర, మనం స్లాట్ అనేది. ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్ ఎలిమెంట్ అంటే తలుపు తీయకుండా టేపు లోపలికి ఇచ్చి బయటికి తీసుకునే కిటికీ, వాడుకలో మెయిల్ స్లాట్. డేటా ట్రాన్స్‌ఫర్ ఎలిమెంట్ అంటే డ్రైవ్. రోబో చేసే పనల్లా ఒక చోటు నుంచి ఇంకో చోటుకి టేపు మార్చడమే. ఎంత పెద్ద లైబ్రరీ అయినా అంతే. 1974లో ఐబీఎం 3850 అనే యంత్రం తేనెపట్టులాంటి అరల్లోంచి గుళికల్లాంటి కార్ట్రిడ్జ్‌లు తీసి ఇచ్చేది. ఆ పని స్వరూపం ఇప్పటికీ పెద్దగా మారలేదు.

పై ఉదాహరణలో చూడాల్సినవి రెండున్నాయి. డ్రైవ్ 0లో ఉన్న టేపు స్లాట్ 5 నుంచి వచ్చింది, అందుకే స్లాట్ 5 ఖాళీ. బార్‌కోడ్ చివర ఎల్8 అంటే అది ఎల్‌టీఓ-8 టేపు, అంటే ఎల్‌టీఓ అనే టేపు రకంలో 8వ తరం. ఎల్‌టీఓ బార్‌కోడ్‌లో 6 అక్షరాలు మన ఇష్టం, చివరి రెండూ టేపు తరాన్ని చెబుతాయి. ఎల్‌టీఓ-7 వరకు డ్రైవ్‌లు రెండు తరాల వెనకటి టేపుల్ని చదివేవి. ఎల్‌టీఓ-8, ఎల్‌టీఓ-9 డ్రైవ్‌లు ఒక తరమే. కాబట్టి ఎల్6 అని ఉన్న టేపుని ఎల్‌టీఓ-8 డ్రైవ్‌లోకి పంపితే రోబో శుభ్రంగా తీసుకెళ్లి పెడుతుంది, డ్రైవ్ దాన్ని వెనక్కి తోసేస్తుంది. ఎక్కించేముందు ఆ రెండక్షరాలు చూడడం మన బాధ్యత.

డ్రైవ్‌లో టేపు ఉండి, ఏ స్లాట్ నుంచి వచ్చిందో తెలియదన్నట్టు అన్‌నోన్ స్టోరేజ్ ఎలిమెంట్ లోడెడ్ అని వస్తే, ఎవరో చేత్తో పెట్టి ఉంటారు, లేదా కరెంటు పోయి రోబో మర్చిపోయి ఉంటుంది. అప్పుడు దించేటప్పుడు స్లాట్ నంబర్ మీరే చెప్పండి. చెప్పకపోతే ఎంటీఎక్స్ ఏదో ఖాళీ స్లాట్ చూసి పెట్టేస్తుంది, మీ రిజిస్టర్‌లో మాత్రం ఆ టేపు ఇంకోచోట ఉంటుంది.

లెక్క నమ్మకంగా లేదనిపిస్తే ఇన్వెంటరీ అనే కమాండ్ ఇవ్వండి. చెయ్యి అరల ముందుగా తిరిగి బార్‌కోడ్‌లన్నీ మళ్లీ చదువుకుంటుంది. పెద్ద లైబ్రరీల్లో నిమిషాలు పడుతుంది, మధ్యలో ఇంకేమీ చేయలేరు. తలుపు తీసి మూస్తే చాలా యంత్రాలు ఈ పని వాటంతటవే చేసుకుంటాయి.

డ్రైవ్ నంబర్ల గొడవ

ఎంటీఎక్స్‌లో స్లాట్లు 1 నుంచి మొదలవుతాయి, డ్రైవ్‌లు 0 నుంచి. ఇది రెండు రోజుల్లో అలవాటైపోతుంది. అసలు చిక్కు ఇంకోటుంది. రోబో దృష్టిలో డ్రైవ్ 0 అంటే పెట్టెలో మొదటి స్థానంలో ఉన్న డ్రైవ్. లినక్స్ దృష్టిలో ఎన్ఎస్‌టీ0 అంటే బూట్‌లో ముందుగా కనిపించిన డ్రైవ్. ఈ రెండూ ఒకటే అవ్వాలనే రూలేమీ లేదు.

నేను దీన్ని ఖరీదు పెట్టి నేర్చుకున్నాను. రెండు డ్రైవ్‌ల లైబ్రరీ, కొత్త టేపు డ్రైవ్ 0లో పెట్టించాను, ఎన్ఎస్‌టీ0 మీద రాయడం మొదలుపెట్టాను. ఎర్రర్ రాలేదు, అంతా సాఫీగా సాగింది. గంటన్నర తర్వాత స్టేటస్ చూస్తూ, ముందురోజు నుంచి డ్రైవ్ 1లో ఉండిపోయిన టేపు మీద ఇంతసేపూ రాస్తున్నానని అర్థమైంది. అది గత నెల బ్యాకప్. అదృష్టం కొద్దీ దానికి ఇంకో కాపీ ఉంది. రోబో నా మాట సరిగ్గా విన్నది, డ్రైవ్ కూడా విన్నది. ఇద్దరికీ నేను చెప్పిన నంబర్లే వేర్వేరు.

అందుకే కొత్త లైబ్రరీ ముందు కూర్చోగానే చేయాల్సిన పని ఇది. డ్రైవ్‌లన్నీ ఖాళీ చేయండి. పనికిరాని పాత టేపొకటి డ్రైవ్ 0లో పెట్టించండి. తర్వాత ఒక్కో టేప్ డివైస్‌కీ ఈ కమాండ్ ఇవ్వండి:

ఎంటీ -ఎఫ్ /డెవ్/ఎన్ఎస్‌టీ0 స్టేటస్

ఏ డివైస్ ఆన్‌లైన్ అని చెబితే అదే రోబో అనే డ్రైవ్ 0. ఖాళీ డ్రైవ్ డీఆర్_ఓపెన్ అంటుంది. దొరికిన జతని సీరియల్ నంబర్‌తో సహా రాసుకోండి. ఎంటీఎక్స్ ప్యాకేజీతో వచ్చే టేప్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ డ్రైవ్ సీరియల్ చూపిస్తుంది, లైబ్రరీ ప్యానెల్‌లోనూ ఉంటుంది. ఇక నుంచి స్క్రిప్టులో ఎన్ఎస్‌టీ అంకెలు కాకుండా బై-ఐడీ పేర్లే ఉండాలి. డ్రైవ్ మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి, బద్ధకించకూడదు.

ఎక్కించడం

స్లాట్ 5లోని టేపుని డ్రైవ్ 0లోకి:

ఎంటీఎక్స్ -ఎఫ్ /డెవ్/ఎస్‌జీ3 లోడ్ 5 0

ముందు స్లాట్, తర్వాత డ్రైవ్. దించేటప్పుడూ ఇదే వరుస కాబట్టి గుర్తుంచుకోవడం తేలికే. చెయ్యి కదులుతున్న చప్పుడు, టేపు లోపలికి వెళ్లిన టక్కుమనే శబ్దం వినిపిస్తాయి, ప్రాంప్ట్ తిరిగొస్తుంది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ప్రాంప్ట్ వచ్చిందంటే రోబో తన పని ముగించిందని మాత్రమే. డ్రైవ్ ఇంకా టేపుని లోపలికి లాగి, చుట్టుకుని, మొదటికి తెచ్చుకునే పనిలో ఉంటుంది. ఆ సమయంలో రాయబోతే డివైస్ బిజీ అనో, ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్ అనో వస్తుంది, టేపు పాడైందేమో అని మీకు టెన్షన్.

కాబట్టి ఎంటీ స్టేటస్‌ని 5 సెకన్లకోసారి అడుగుతూ, ఆన్‌లైన్ అనే మాట కనిపించేదాకా ఆగండి. 300 సెకన్ల గడువు మామూలుగా సరిపోతుంది. ఒక మినహాయింపుంది. 2021లో వచ్చిన ఎల్‌టీఓ-9 టేపులు కొత్తవైతే మొదటిసారి ఎక్కించినప్పుడు డ్రైవ్ వాటిని తనకు తగ్గట్టు సరిచూసుకుంటుంది. ఒక్కోసారి దానికి 2 గంటల దాకా పట్టొచ్చు. మధ్యలో స్క్రిప్టు విసుగుపుట్టి టేపుని దించబోతే ఆ పని చెడిపోతుంది. కొత్త ఎల్‌టీఓ-9 పెట్టె తెరిచిన రోజు, బ్యాకప్‌తో సంబంధం లేకుండా టేపులన్నీ ఒక్కోటీ ఎక్కించి ఈ తంతు ముగించేయడం మంచిది.

దించడం

ఎక్కించడం కన్నా దించడంలోనే ఎక్కువ తగాదాలు. టేపు డ్రైవ్‌లో గట్టిగా పట్టి ఉంటుంది. చెయ్యి వచ్చి లాగితే రాదు, ముందు డ్రైవ్ తనంతట తాను బయటికి నెట్టాలి. కొన్ని లైబ్రరీలు ఈ మాట డ్రైవ్‌కి లోలోపలే చెప్పుకుంటాయి, కొన్ని చెప్పవు. మీ యంత్రం ఏ కోవదో వెతకడం మానేసి, ఎప్పుడూ రెండడుగుల్లోనే చేయండి:

ఎంటీ -ఎఫ్ /డెవ్/ఎన్ఎస్‌టీ0 ఆఫ్‌లైన్
ఎంటీఎక్స్ -ఎఫ్ /డెవ్/ఎస్‌జీ3 అన్‌లోడ్ 5 0

ఆఫ్‌లైన్ అంటే మొదటికి చుట్టి బయటికి నెట్టు అని. ఎల్‌టీఓ-8 టేపు పొడవు 960 మీటర్లు, చివర్లో ఉంటే వెనక్కి చుట్టడానికి నిమిషం పైనే పట్టొచ్చు. కమాండ్ ఆగిపోయినట్టు కనిపిస్తే అది చుట్టుకుంటోంది, కంట్రోల్-సీ కొట్టకండి.

ఎస్‌టీ0, ఎన్ఎస్‌టీ0 రెండూ ఒకే డ్రైవ్‌కి పేర్లు. ఎస్‌టీ0 వాడితే పని అయిన వెంటనే టేపు మొదటికి చుట్టుకుంటుంది. ఎన్ఎస్‌టీ0 ఉన్నచోటే ఉంటుంది. ఒకే టేపు మీద వరుసగా రెండు బ్యాకప్‌లు రాసేవాళ్లు పొరపాటున ఎస్‌టీ0 వాడితే రెండోది మొదటిదాని మీద పడుతుంది.

ఆఫ్‌లైన్ ఇచ్చినా టేపు రాకపోతే, ఎవరో దాన్ని లాక్ చేసి పట్టుకుని ఉన్నారు. సాధారణంగా అది బ్యాకప్ సాఫ్ట్‌వేరే. దాన్ని ఆపండి, తర్వాత ఎంటీతో అన్‌లాక్ అనండి, మళ్లీ ఆఫ్‌లైన్ ఇవ్వండి. చేత్తో తలుపు తీసి లాగడం ఆఖరి మార్గం, అది కూడా టేపు బయటికి వచ్చి ఉంటేనే.

టేపుని స్లాట్ నుంచి స్లాట్‌కి మార్చాలంటే ట్రాన్స్‌ఫర్ వాడండి. బయటికి పంపాల్సిన టేపుని మెయిల్ స్లాట్‌లో పెట్టడానికీ అదే. స్టేటస్ జాబితా చివర్లో ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్ అని గుర్తున్న స్లాట్ 24 అనుకుంటే, ట్రాన్స్‌ఫర్ 5 24. అంతే.

ఆప్టికల్ లైబ్రరీ అయితే

డిస్కుల జ్యూక్‌బాక్స్‌లకీ ఇవే కమాండ్లు, ఇవే ఎలిమెంట్లు. తేడా రెండు చోట్ల. మాగ్నెటో-ఆప్టికల్ డిస్కులకు రెండు వైపులా డేటా ఉండేది, డ్రైవ్‌కి ఒకవైపే కన్ను. అందుకని లోడ్‌కి ముందు ఇన్వర్ట్ అనే మాట చేర్చితే చెయ్యి డిస్కుని తిరగేసి పెడుతుంది:

ఎంటీఎక్స్ -ఎఫ్ /డెవ్/ఎస్‌జీ3 ఇన్వర్ట్ లోడ్ 5 0

దించేటప్పుడు కూడా ఇన్వర్ట్ ఇస్తేనే డిస్కు సరైన వైపు తిరిగి అరలోకి వెళ్తుంది. మర్చిపోతే తిరగబడే కూర్చుంటుంది, తర్వాతిసారి ఏ వైపు ఏదో మీకే తెలియదు. తిరగేయడం రాని రోబో అయితే స్కజీ ఎర్రర్ ఇస్తుంది, నష్టమేం లేదు. రెండో తేడా, డిస్కు మౌంట్ అయి ఉంటుంది కాబట్టి దించేముందు అన్‌మౌంట్ చేసి ఎజెక్ట్ ఇవ్వాలి. మౌంట్‌లో ఉన్నంతసేపూ కెర్నెల్ డ్రైవ్ తలుపు తాళం వేసి ఉంచుతుంది.

ఎర్రర్ వస్తే

ఎంటీఎక్స్ ఎర్రర్లు చూడ్డానికి భయంకరంగా ఉంటాయి, పది పదిహేను వరుసలు. అందులో చదవాల్సినవి రెండే సంఖ్యలు, అడిషనల్ సెన్స్ కోడ్, దాని పక్కన క్వాలిఫయర్. 3బీ, 0డీ అంటే చేరాల్సిన చోటు నిండి ఉంది. 3బీ, 0ఈ అంటే తీయాల్సిన చోట టేపు లేదు. 21, 01 అంటే అలాంటి చోటే లేదు, నంబర్ తప్పు. 53, 02 అంటే టేపు లాక్ అయి ఉంది. 28, 01 అంటే ఎవరో మెయిల్ స్లాట్ తెరిచారు. ఇది తప్పు కాదు, కబురు. స్టేటస్ మళ్లీ చూసుకుని కమాండ్ మళ్లీ ఇవ్వండి.

చివర్లో మూవ్ మీడియం ఫ్రమ్ 1005 టు 256 ఫెయిల్డ్ లాంటి వరుస వస్తే, నా దగ్గర వెయ్యి స్లాట్లు లేవే అని అనుకోకండి. అవి యంత్రం లోపలి అడ్రస్‌లు. మనకి కనిపించే 1, 2, 3 నంబర్లు ఎంటీఎక్స్ మన సౌకర్యం కోసం పెట్టినవి.

53, 00 వస్తే మాత్రం కుర్చీలోంచి లేచి వెళ్లి చూడండి. టేపు ఎక్కడమో దిగడమో నిజంగా విఫలమైంది. నేను చూసిన ఇలాంటి కేసుల్లో ఒకటి నవ్వొచ్చేది. ఎవరో టేపు వీపు మీద చేత్తో పేరు రాసిన కాగితం అంటించారు, అది సగం ఊడి డ్రైవ్ మూతికి పట్టుకుంది. లేబుల్ కోసం కేటాయించిన గాడిలో తప్ప ఎక్కడా ఏమీ అంటించకూడదు. కిందపడిన టేపుని కూడా రోబోకి ఇవ్వకండి. లోపలి చిన్న పిన్ను కదిలి ఉంటే డ్రైవ్ దాన్ని పట్టుకోలేక ఇరుక్కుపోతుంది.

స్క్రిప్టులో పెట్టేటప్పుడు

బకులా లాంటి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఎంటీఎక్స్-ఛేంజర్ అనే స్క్రిప్టు దానితోనే వస్తుంది. లోడ్, అన్‌లోడ్, లోడెడ్, లిస్ట్, స్లాట్స్ లాంటి మాటలకి అది ఎంటీఎక్స్‌తో పని చేయించుకుంటుంది. సొంతంగా రాసేముందు దాన్నొకసారి చదవండి, డ్రైవ్ కోసం ఆగే పద్ధతి అందులో ఉంది. సొంతది రాస్తే ప్రతి కదలికకీ ముందు స్టేటస్ చూడాలి. స్లాట్ 5 అని కాకుండా బార్‌కోడ్ బీకే0005ఎల్8 అని అడిగి, అది ఏ స్లాట్‌లో ఉందో స్టేటస్‌లో వెతికించాలి. కదిలాక మళ్లీ స్టేటస్ చూసి, ఆ బార్‌కోడే ఆ డ్రైవ్‌లో ఉందని తేలితేనే రాత మొదలవ్వాలి. నా గత నెల బ్యాకప్ మీద రాసిన పొరపాటుకి ఈ పరీక్ష ఒక్కటే చాలదు, పైన చెప్పిన సీరియల్ జత కూడా కావాలి. రెండూ ఉంటేనే రోబో మాట, డ్రైవ్ మాట ఒకటైనట్టు.

సీఎల్ఎన్‌తో మొదలయ్యే బార్‌కోడ్‌లు క్లీనింగ్ టేపులు. వాటిని డేటా టేపుల వెతుకులాటలోంచి తప్పించండి. ఒక్కోటీ సాధారణంగా 50 సార్లు వస్తుంది. స్క్రిప్టు ప్రతి రాత్రీ పొరపాటున ఎక్కిస్తే రెండు నెలల్లో అయిపోతుంది. టేప్‌ఇన్ఫో చూపించే టేప్‌అలర్ట్ జెండాల్లో, అంటే డ్రైవ్ ఇచ్చే హెచ్చరికల్లో, 20వది వెంటనే శుభ్రం చేయమని, 21వది కుదిరినప్పుడు చేయమని. ఆ జెండా పడినప్పుడే క్లీనింగ్ టేపు ఎక్కించండి.

ఇంకొక్కటి. రాత్రి 2 గంటలకి బ్యాకప్ స్క్రిప్టు టేపు మారుస్తుండగా, మీరు ఇంటి నుంచి లాగిన్ అయి అదే రోబోకి చేత్తో ఇంకో కమాండ్ ఇచ్చారనుకోండి. రోబో ఎవరి మాటా కాదనదు, ఇద్దరి టేపులూ కలిసిపోతాయి. స్క్రిప్టులోనూ, మీరు చేత్తో కొట్టే కమాండ్ ముందూ ఫ్లాక్ అనే కమాండ్ (ఒకరి పని ముగిసేదాకా ఇంకొకరిని ఆపేది) పెట్టి, రెండు చోట్లా ఒకే లాక్ ఫైల్ పేరు ఇవ్వండి. స్క్రిప్టు పని నడుస్తున్నంతసేపూ మీ కమాండ్ ప్రాంప్ట్ దగ్గరే ఆగి ఉంటుంది. అది కదిలినప్పుడే మళ్లీ స్టేటస్ చూసుకుని మొదలుపెట్టండి.